మేడంతో ఒక మాట

సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి రెండు జబ్బులు వస్తాయి. ఒకటి మెడనొప్పి, రెండోది తనంతటివాడు లేడనుకోవడం. కోదండానికి మెడ బాగానే ఉండేది.

అది రెండువేల మూడో సంవత్సరం. చిత్తూరులో ఏ ఆఫీసని మాత్రం అడక్కండి. ఆడవాళ్ళ కష్టసుఖాలు, పిల్లల బాగోగులు చూసే ఆఫీసు అనుకుంటే చాలు. ప్రతి ఆఫీసూ ఒక వెబ్‌సైటు పెట్టాలని పైనుంచి హుకుం వచ్చింది. సూపరింటెండెంటు సుబ్రమణ్యానికి వెబ్‌సైటన్నా, ఆఫీసు వెనక కట్టే కొత్త బాత్రూమన్నా ఒకటే. కట్టమన్నారు కాబట్టి కట్టాలి, కట్టినట్టు పైకి రాయాలి.

"అబ్బా కోదండం, నీకు తెలుగు బాగొస్తాది కదా. ఈ ఇంగ్లీషు కాగితాలన్నీ తెలుగులో ఎక్కించు," అని ఒక కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు.

ఆ కట్టలో, వెబ్‌సైటు చూడవచ్చినవాళ్ళకు సర్కారు ఇచ్చే మాట ఒక పేజీ ఉంది. వాళ్ళ వివరాలు ఎవరికీ ఇవ్వము, వాళ్ళు రాసింది ఇంకొకరికి చూపము అని. కోదండం నిఘంటువు ముందేసుకుని మూడు రోజులు కుస్తీ పట్టాడు. రాసిందల్లా కోర్టు నోటీసులా ఉంది. ఆఖరికి విసుగొచ్చి, తన అక్కకు చెప్పినట్టు రాసేశాడు: "మీరు ఇక్కడ రాసే మాట మీకూ మేడంకూ మధ్యనే ఉంటుంది. మూడో కంటికి తెలియదు. ధైర్యంగా రాయండి." దాని కింద ఒక గడి. దాని పేరు 'మేడంతో ఒక మాట'. మేడమంటే ఆ ఆఫీసుకు పెద్ద. పేరు, ఊరు, సంగతి రాసి పంపవచ్చు.

రాసింది తనే చదువుకుని తనే మురిసిపోయాడు. ఆ మే నెలలో మేనకోడలు భవితను వెంటబెట్టుకుని, ఇంటర్ మొదటి సంవత్సరం రిజల్ట్సు చూడటానికి పుత్తూరులో ఇంటర్నెట్ సెంటరుకు పోయాడు. రిజల్ట్సు పేజీ తెరుచుకోవడానికి అరగంట పట్టేలా ఉంటే, ఈలోగా తన పేజీ తీసి చూపించాడు. పిల్ల శ్రద్ధగా చదివింది.

"నిజంగా ఎవురికీ తెలీదా మామా?"

"మేడం తప్ప పురుగు గూడా సూడదు పాపా. రాసింది ఎవురు? మీ మామ!"

పిల్ల హాల్‌టికెట్టు వెనక ఆ వెబ్‌సైటు పేరు రాసుకుంది. అబ్బో, కోదండం ఛాతీ అప్పుడు చూడాలి.

అసలు సంగతేమిటంటే, మేడం ఆ ఉత్తరాలు వచ్చిపడే పెట్టె ఒక్కనాడూ తెరిచింది లేదు. రోజూ పొద్దున పదింటికి కోదండమే తెరుస్తాడు. వచ్చినవన్నీ ప్రింటు తీసి సుబ్రమణ్యం బల్ల మీద పెడతాడు. సుబ్రమణ్యం వాటికి నంబర్లేసి, 'తగు చర్య నిమిత్తం' అని రాసి తపాలాలో మండలానికి తోస్తాడు. మండలం ఊరికి తోస్తుంది. మూడో కన్నేమిటి, ఊరు చేరేసరికి ముప్పై కళ్ళు చదివి ఉంటాయి.

ఆ సెప్టెంబరులో శ్రీకాళహస్తి దిక్కు నుంచి సిద్ధమ్మ అనే ఆమె, మొగుడు కొడుతున్నాడని రాయించింది. కాగితం ఊరికి పోయింది. విచారణకు వచ్చిన పెద్దమనిషి టీ అంగడి ముందర, ఆ మొగుడి ఎదుటే, దాన్ని గట్టిగా చదివాడు. వారానికి సిద్ధమ్మ వాచిపోయిన మొహంతో చిత్తూరు బస్సెక్కి వచ్చింది.

"ఎవురికీ తెలీదని రాసినారు గదయ్యా. ఎవురు రాసింది ఆ మాట?" అని అడిగింది.

 ఆమె పోయాక కోదండం, కనీసం పేర్లు తీసేసి పంపుదాం సార్ అని సుబ్రమణ్యాన్ని బతిమాలాడు. "పేరు లేకుండా విచారణ ఎట్ల సేస్తారప్పా? రూలుండాది," అన్నాడాయన. రూలుకు మొహం వాయదు కదా. పోనీ వెబ్‌సైటులో ఆ వాక్యమన్నా మారుద్దామంటే, పైవాళ్ళు ఒప్పుకున్న పేజీ ముట్టుకోకూడదన్నాడు. కోదండం ఊరుకున్నాడు. భవితకు తను చెప్పింది తప్పని చెప్పాలని మాత్రం అతనికి తట్టలేదు. ఆ పిల్లకు అలాంటి పెట్టెతో పనేముంటుంది?

ఆ పిల్ల ఇల్లు ఎలాంటిదో చెప్పాలి. నగరిలో మరమగ్గాల వీధి. కోదండం అక్క వనజాక్షిని, బావ హేమచంద్రకు ఇచ్చిన ఇల్లు. నాయన పోయాక అమ్మ దేవకమ్మ కూడా కూతురి దగ్గరే ఉంటోంది. ముందు హాలులో రెండు మగ్గాలు తెల్లారిన దగ్గర్నుంచి దడదడలాడుతూ ఉంటాయి. వీధి పొడుగునా అన్ని ఇళ్ళూ అంతే. ఆ వీధిలో 'ఉప్పు అందుకో' అనాలన్నా అరవాల్సిందే. కరెంటు పోతే మాత్రం మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. అప్పుడు ఒక ఇంట్లో నిట్టూరిస్తే నాలుగిళ్ళకు వినబడుతుంది. అరిచి చెబితే ఇంటికి తెలుస్తుంది, గుసగుసలాడితే వీధికి తెలుస్తుంది. ఇక ఆడపిల్ల తన మనసులో మాట ఎక్కడ చెప్పుకోవాలి?

భవిత పుట్టిన రోజున ఆసుపత్రిలో దేవకమ్మ, ఎనిమిదేళ్ళ కోదండం నెత్తిన చెయ్యి పెట్టి, "నీ పెండ్లాం పుట్టింది రా," అంది. అంతే, ఆ రోజుతో ఆ సంగతి తీరిపోయింది. మేనమామ మేనకోడల్ని చేసుకోవడం ఆ దిక్కున కొత్తేమీ కాదు. కోదండం చెడ్డవాడు కాదు, పిల్లంటే ప్రాణం. డిగ్రీ అయి చిత్తూరులో ఉద్యోగం దొరికాక ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. గైడ్లు తెచ్చేవాడు, లెక్కలు చెప్పేవాడు. మూర మల్లెపూలు తెచ్చి, చేతికివ్వడానికి సిగ్గుపడి మగ్గం మీద పెట్టిపోయేవాడు. ఆ పిల్లకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. అతనూ అడగలేదు. పుట్టిన బిడ్డను పట్టుకుని, వీడు నీకు నాయన, ఇష్టమేనా అని ఎవరైనా అడుగుతారా? అలాగే ఇదీ.

జనవరిలో ఒక మంగళవారం పెట్టె తెరిస్తే ఎనిమిది ఉత్తరాలున్నాయి. అయిదోది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో కొట్టి ఉంది.

"మేడం గారికి నమస్కారం. నా పేరు భవిత. నగరి. ఇంటర్ రెండో సంవత్సరం. వచ్చే వారం శుక్రవారం మా ఇంట్లో నాకు తాంబూలాలు పెట్టుకున్నారు. పరీక్షలు అయినాక పెండ్లి. నాకు పదిహేడే మేడం. నాకు ఈ పెండ్లి వద్దు. మా అమ్మ తమ్ముడే పెండ్లికొడుకు. నన్ను సైకిలు మీద బడికి తీసకపోయినాడు. ఆయన్ను నేను అట్లా అనుకోలేకపోతా ఉండాను. మా మామ చాలా మంచోడు. ఆయనకు తెలిస్తే తట్టుకోలేడు. ఆయనకు తెలియకుండా ఎట్లయినా ఆపండి. ఇందులో రాస్తే మీకు తప్ప ఎవరికీ తెలియదని మా మామే చెప్పినాడు. అందుకే ధైర్యం చేసినాను."

మొదటిసారి చదివి, ఎవరో పాపం, మన పాప పేరే అనుకున్నాడు. రెండోసారి ఊరి పేరు చూశాడు. మూడోసారి 'మా మామ చాలా మంచోడు' దగ్గర ఆగిపోయాడు.

మేడం తప్ప ఎవరూ చూడరని ఆ రోజు పుత్తూరులో గొప్పలు పోయినప్పుడు, అతను తనను లెక్కలోకి తీసుకోలేదు. అబద్ధం చెప్పాలని కాదు. గుమాస్తాలు ఎవరైనా అంతే. తలుపు తీసేది తామే అయినా, లోపలికి ఎవరూ రాలేదనే చెబుతారు.

"ఎన్నొచ్చినాయప్పా ఈపొద్దు?" సుబ్రమణ్యం పక్క గదిలోంచి కేకేశాడు.

"ఏడు సార్."

ఉద్యోగంలో అతను ఆడిన మొదటి అబద్ధం అది. ఆ అయిదోది ప్రింటు తీస్తే ఏమవుతుందో అతనికంటే బాగా ఎవరికి తెలుసు? శుక్రవారానికి ముందే నగరిలో మగ్గం ముందర నిలబడి ఎవరో ఒకరు దాన్ని గట్టిగా చదువుతారు. అమ్మ, అక్క, బావ, వీధి. సిద్ధమ్మ మొహం కళ్ళ ముందుకొచ్చింది.

గదికి పోయి అన్నం వండుకున్నాడు, తినలేదు. ముందు కోపం వచ్చింది. నేనేం తక్కువ చేశాను పాపా నీకు, ఒక్క మాట నాతో చెప్పకూడదా అని గోడతో జగడమాడాడు. తరువాత సిగ్గు వచ్చింది. చెప్పడానికి ఆ పిల్లకు చోటెక్కడుంది, అడగడానికి తనకు నోరెక్కడుంది? ఆ తరువాత ఏడుపు వచ్చింది. మగవాడు ఏడవకూడదంటారు. ఆ మాట అన్నవాడికి మేనకోడలు ఉండి ఉండదు. చెంబు పక్కన పెట్టుకుని, మొహం కడుక్కోవడం, ఏడవడం, మళ్ళీ కడుక్కోవడం. ఇరవై అయిదేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు.

మూడు రోజులు అదే ఆలోచన. పోయి పిల్లనే అడుగుదామా? పదిహేడేళ్ళుగా అడగనివాడు ఇప్పుడు అడిగితే, ఉత్తరం చదివాడని తెలిసిపోతుంది. ఇన్నేళ్ళకు అడగాలని తోచింది, తోచినప్పుడు అడిగే దారి లేదు. పిల్ల డిగ్రీ చదవనీ, తరువాత చూద్దాం అంటే? ఎంత మంచివాడు రా నా తమ్ముడు అని అక్క దిష్టి తీస్తుంది, ముడి ఇంకా గట్టిగా బిగుస్తుంది. నాకొద్దు అని ఊరికే అంటే? హక్కున్న మేనమామే వద్దన్నాడంటే పిల్లలో ఏదో లోపముందని వీధి వీధంతా చెవులు కొరుక్కుంటుంది. లోపం ఎక్కడో ఒకచోట ఉండాలి. అది తనలోనే ఉండాలి. అంత గట్టిగా ఉండాలి, మళ్ళీ ఎవరూ బతిమాలడానికి రాకూడదు.

ఆదివారం నగరి పోయాడు. పొద్దుననే చేరినా ఏమీ మాట్లాడలేదు. ఆ నెలలో మధ్యాహ్నం రెండింటికి కరెంటు తీసేవాళ్ళు. రెండు కొట్టేదాకా కాచుకుని కూర్చున్నాడు. అక్క పప్పు, వంకాయ కూర చేసి వడ్డించింది. అమ్మ తాంబూలాలకు ఎవరెవరిని పిలవాలో చెబుతూ ఉంది. భవిత మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతూ ఉంది, తల ఎత్తలేదు.

కరెంటు పోయింది. వీధి వీధంతా నోరు మూసుకుంది.

"అక్కా, శుక్రవారం తాంబూలాలు ఆపెయ్యండి," అన్నాడు కోదండం. గొంతు కావాలనే పెంచాడు.

"ఏంది రా?"

"నాకు చిత్తూరులో ఒక మనిషి ఉండాది. ఆమెనే చేసుకుంటా."

హేమచంద్ర మగ్గం వెనక నుంచి లేచాడు. దేవకమ్మ చేతిలో తమలపాకు అలాగే ఉండిపోయింది. ఎదురింటి అరుగు మీద ఎవరో ఇటు జరగడం కోదండానికి వినబడింది.

"ఎన్నాళ్ళ బట్టి రా?" అన్నాడు బావ.

"రెండేండ్లు."

"రెండేండ్లుగా ప్రతి వారం వచ్చి ఈడ కూడు తిని పోయినావు గదరా!"

వనజాక్షి తిట్టలేదు. తమ్ముడి ముందుకొచ్చి నిలబడి, వాడి మొహంలోకి చూసి, "నా బిడ్డకేం తక్కువ రా?" అని మాత్రం అడిగింది.

అతను కాచుకున్నది ఈ ప్రశ్న కోసమే. వీధి చివరిదాకా వినబడేట్టు అరిచాడు. "నీ బిడ్డ బంగారం అక్కా. దానికి ఏ వంకా లేదు. నాకే ఆ పిల్లను చేసుకునే అర్హత లేదు. తప్పంతా నాది."

"మన కులమేనా ఆమె?" అంది దేవకమ్మ.

"కాదు మా."

"నా కడుపున చెడబుట్టినావు కదరా!" అని ముసలామె నెత్తి కొట్టుకుంది. "నేను సచ్చినా నువ్వు రావద్దు. కొరివి పెట్టేదానికి గూడా రావద్దు పో!"

బావ చెయ్యెత్తాడు, మళ్ళీ ఏమనుకున్నాడో దించేశాడు. కొట్టినా బాగుండేది. కోదండం ఒక్కసారి భవిత వైపు చూశాడు. పిల్ల చేతిలో కండె ఆగిపోయి ఉంది. నోరు కొంచెం తెరిచి, లోపల ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్న ఊపిరి మెల్లగా వదిలింది. అది చూడటానికే అతను అంత దూరం వచ్చాడు.  తనతో పెళ్ళి తప్పడం ఆ పిల్లకు ఎంత సుఖమో ఆ ఒక్క ఊపిరిలో తెలిసిపోయింది. ఇంతలో వనజాక్షి గోడకు జారిపోయి కూలబడింది. భవిత పరుగున వచ్చి తల్లిని పట్టుకుని, తల తిప్పి మామను చూసింది. ఆ చూపు గురించి నేను చెప్పను.

తరువాత మూడు వారాలు నగరి నుంచి మాట లేదు. బస్టాండులో ఆ వీధి మనిషి ఒకడు కనబడి, మొహం తిప్పుకోబోయి, ఆగి, "ఆ పాప అదృష్టవంతురాలప్పా, నీ పాలిట పడలేదు. వీధంతా అదే అనుకుంటా ఉండారు," అని కడిగేసి పోయాడు. కోదండానికి ఆ రాత్రి కొంచెం అన్నం సహించింది. వీధి తను కోరుకున్నట్టే మాట్లాడుతోంది కదా!

ఫిబ్రవరిలో ఒక సోమవారం పెట్టెలో పది ఉత్తరాలున్నాయి. పదోది నగరి నుంచి.

"మేడం గారికి నమస్కారం. పోయిన నెల నేను ఒక ఉత్తరం రాసినాను. మీరు ఇంకేమీ చెయ్యనక్కరలేదు. పెండ్లి దానంతట అదే ఆగిపోయింది. మా మామకు ఇంకెవరో ఉండారంట. మా అమ్మ మంచం పట్టింది. దయచేసి మా ఇంటికి ఎవరినీ పంపకండి. మేడం, ఆయన బాధపడతాడని నేను ఎన్ని దినాలు ఏడ్చినానో మీకు తెలియదు. ఆయన ముందు అన్నం గూడా మింగుడుపడేది కాదు. ఆయనకు నేను లెక్కే లేను. వద్దని ముందుగా రాసింది నేనేనని ఆయనకు తెలిస్తే బాగుండు అనిపిస్తా ఉండాది. అయినా వద్దు లెండి, చెప్పకండి. మీరు నా మాట మంచిగా కాపాడినారు, ఒక్కరికీ తెలియలేదు. నా ఉత్తరాలు రెండూ తీసేయండి."

కోదండం మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఎన్ని దినాలు ఏడ్చినానో అంది. తన కోసం. తను ఆదివారం బస్సు దిగి, మల్లెపూలు మగ్గం మీద పెట్టి, ఏమీ ఎరగని వాడిలా పప్పన్నం తింటుంటే, ఎదురుగా ఆ పిల్లకు ముద్ద దిగేది కాదన్నమాట. భార్యగా కాకపోతే పోయె, ఇంతగా అతన్ని తలచుకుని ఏడ్చిన మనిషి ఈ లోకంలో ఇంకొకరు లేరు. ఇక ఉండబోరు కూడా. ఆ ఏడుపంతా దండగ అనుకుంటోంది పిచ్చిపిల్ల. దండగ కాలేదమ్మా అని చెప్పడానికి వీల్లేదు.

ప్రింటరు ఆన్ చేశాడు. ఒక్క కాగితం. మడిచి జేబులో పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. ముసలివాడయ్యాక అప్పుడప్పుడు తీసి చదువుకోవచ్చు. వేలు మీట దాకా పోయింది. కానీ ఆ ఉత్తరం అతనికి రాసింది కాదు. తీసేయమని పిల్ల అడిగింది కూడా.

ముందు కొత్తది తీసేశాడు. తరువాత దాచి ఉంచిన పాతది తెరిచాడు. చదవకుండా తీసేయాలనుకుని, చదివి, తీసేశాడు. నిజంగా తీసేయమంటారా అని కంప్యూటర్ రెండుసార్లూ అడిగింది. రెండుసార్లూ ఔనన్నాడు.

మిగిలిన తొమ్మిదీ ప్రింటు తీసి సుబ్రమణ్యం బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళద్దాల మీదుగా పైకి చూశాడు.

"ఏందప్పా, కండ్లు ఎర్రగా ఉండాయి?"

"స్క్రీను సూసి సూసి సార్."

"అట్లయితే నాలుగు దినాలు లీవు పెట్టు. అవునూ, నీ పెండ్లి భోజనం ఎప్పుడు పెడతావు? అక్క కూతురని ఏడాదిగా చెప్తా ఉండావు. ఏం, పిల్ల ఒప్పుకోలేదా యేంది?" అని నవ్వాడు.

"ఛ ఛ, అదేం లేదు సార్," అన్నాడు కోదండం. "నాకే ఇష్టం లేదు."